రెండు పాదాలూ బాగున్నాయి

“నాకు రెండు కాళ్లూ ఉండాయంట మేడం,” అన్నాడు కుప్పయ్య, చంకకర్రలు రెండూ గోడకానించి స్టూలు మీద కూర్చుంటూ. “బస్సులో కండక్టరు చదివి జెప్పినాడు. చదివి, నా లుంగీ పక్క సూసినాడు. సూసి మళ్లా చదివినాడు.”

ఆయన భార్య పంకజాక్షి చేతిసంచిలోంచి ఫోను తీసి డాక్టర్ ఉదయలక్ష్మికిచ్చింది. కృత్రిమ కాళ్లిచ్చే సర్కారు పథకం ఆఫీసు నుంచి ఇంగ్లీషులో వచ్చిన కబురు. కాలు కోసం పెట్టుకున్న దరఖాస్తును తిరస్కరించడమైనది. ఆసుపత్రి రికార్డు ప్రకారం రోగి రెండు పాదాల్లోనూ నాడి బాగుంది, సాయం లేకుండా నడుస్తున్నాడు. కాబట్టి కాలు అవసరం లేదు. కింద, సేవపై మీ అభిప్రాయం తెలపమని అయిదు నక్షత్రాలు.

ఉదయలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కాలును మోకాలి కింద నుంచి తీసింది ఆమే. మేకు గుచ్చుకున్న పాదాన్ని షుగరు రెండు రోజుల్లో తినేస్తుంటే, ప్రాణమన్నా మిగల్చాలని ఆ మనిషి చేయి పట్టుకుని ఒప్పించింది ఆమే. తిరుపతిలో ఇంత పెద్ద ఆసుపత్రి, ఇన్ని కంప్యూటర్లు, ఇంతమంది చదువుకున్నవాళ్లు, అందరూ కలిసి లేని కాలిని ఆయనకు కాగితం మీద అతికించి ఇంటికి పంపారు.

“ఎవురో పొరబాటున రాసుంటారులే మేడం,” అన్నాడు కుప్పయ్య, ఆమె మొహం చూసి భయపడినట్టు. “మీరు ఒక మాట జెప్తే సరిపోతాది గదా?”

“సరిపోవాల,” అంది పంకజాక్షి. ఆమె గొంతులో మొగుడి గొంతులో ఉన్న మెత్తదనం లేదు. “గురువారం కొలతలు తీసేవాళ్లు వస్తారంట గదా మేడం. మళ్లా ఎప్పుడొస్తారో వాళ్లకే తెలీదంట. మగ్గాల ఓనరు, కాలొస్తాదంటేనే ఈయన తావు అట్లే పెడతానన్నాడు. లేదంటే ఇంకొకర్ని పెట్టుకుంటాడంట.”

“కూర్చోని చేసే పని కాదు మేడం పవర్‌లూము,” అన్నాడు కుప్పయ్య. నగరిలో ఆయన వయసంతా మగ్గాల మధ్యే గడిచింది. “ఈ మగ్గానికీ ఆ మగ్గానికీ మధ్యలో తిరగతానే ఉండాల. పోగు తెగిందంటే ఉరకాల. కర్రలు పట్టుకుంటే ముడేసేదానికి చెయ్యి యాడుంటాది?”

ఆయన మాట్లాడుతూ రెండు చేతుల వేళ్లతో గాల్లోనే పోగు ముడివేశాడు. తనకు తెలియకుండానే వేశాడు. ఆ వేళ్లను చూశాక ఉదయలక్ష్మి కంప్యూటరు వైపు తిరిగింది. తిరగడమంటే రోగికి వీపు చూపించడమే. ఆ గదిలో తెరను గోడకు మేకులు కొట్టి బిగించారు. ఏ మహానుభావుడు బిగించాడో గానీ, డాక్టరు రోగినన్నా చూడాలి, తెరనన్నా చూడాలి, రెండూ కుదరవు.

రికార్డు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. చేరిన రోజు రాసింది ఆమే. ‘రెండు పాదాల్లోనూ నాడి బాగుంది. సాయం లేకుండా నడుస్తున్నాడు.’ ఆ రోజుకది నిజమే. కుప్పయ్య నగరి బస్సు దిగి నడిచే వచ్చాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు పాదాలూ పట్టి చూసే రాసింది. మర్నాడూ అదే వాక్యం. ఆపరేషన్ రోజూ అదే. కాలు పోయిన మర్నాడూ, కట్టు మార్చిన రోజూ, ఇంటికి పంపిన రోజూ, అక్షరం పొల్లుపోకుండా అదే. ప్రతి రోజు కిందా ఒక్కో డాక్టరు పేరు ఉంది.

పథకం ఆఫీసుకు అక్కడి నుంచే ఫోను చేసింది. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు.

“రికార్డే మాకు ఆధారం మేడం.”

“కాలు లేని మనిషి నా ఎదురుగా కూర్చోనుండాడు. ఫోటో తీసి పంపిస్తా.”

“ఫోటోలో ఉన్నదెవరో మాకెట్లా తెలుస్తుంది మేడం? రికార్డేమో మీ ఆసుపత్రిదే కదా.”

ఆమె ఫోను పెట్టేసి, బుధవారం రమ్మని, ఆ లోపల సరిచేయించి తీరతానని కుప్పయ్యకు మాటిచ్చింది. తలుపు దగ్గర పంకజాక్షి ఆగింది.

“బుధవారం వస్తాం మేడం. అయితే ఈసారి మీరే రాయండి.”

ఉదయలక్ష్మి పైకి వార్డుకెళ్లేసరికి మధ్యాహ్నమైంది. నడిచే తీరు చూసే అందరూ పక్కకు తప్పుకున్నారు. వార్డు ఇన్‌చార్జి సిస్టరు జెస్సీ మందుల ట్రాలీ పక్కకు లాగి నిలబడింది. కుప్పయ్య రికార్డులో ఎక్కువ రోజుల కింద ఉన్న పేరు భవితది. ఆ హౌస్ సర్జన్ అప్పుడే ఒక కట్టు ముగించి చేతులు కడుక్కుంటోంది.

“నీకు కండ్లుండాయా?” అంది ఉదయలక్ష్మి. వార్డంతా వినపడింది. “ఆ మనిషి మొండి కాలికి రోజూ కట్టు కట్టింది నువ్వు. కట్టు కట్టి, చేతులు కడుక్కోని వచ్చి, రెండు పాదాలూ బాగుండాయని ఎట్ల రాసినావు?”

భవిత కొళాయి కట్టేసింది. తడి చేతులు తుడుచుకోలేదు. ఏడుస్తుందని జెస్సీ అనుకుంది. ఆ పిల్ల ఏడవలేదు.

“నేను రాయలేదు మేడం. నొక్కినాను.”

“ఏం నొక్కినావు?”

“పచ్చ బటన్. అందరం అదే నొక్కుతాం. నిన్నటిదంతా తెర మీద ఈరోజు పెట్టెల్లోకి దిగుతుంది.” నీళ్లు కారుతున్న చేత్తోనే మంచాల వైపు చూపించింది. “ఆపరేషన్ అయిన సాయంత్రం కుప్పయ్య నొప్పితో మంచం పట్టీ కొరుకుతా ఉన్నాడు మేడం. నొప్పి ఇంజెక్షన్ కావాలంటే ఫార్మసీకి ఆర్డరు పోవాల. ఆర్డరు పోవాలంటే ఆ రోజు పెట్టెలన్నీ నిండాల. తల దగ్గర్నుంచి కాళ్ల దాకా, అన్నీ. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఎర్రగా వచ్చి ఆగిపోతాది. ఆయన భార్య నా చెయ్యి పట్టుకోని లాగతా ఉంది. ఏది ముందు చేయమంటారు?”

చివరి మంచం మీద ఎవరో దగ్గారు.

“నిజమే మేడం,” అంది జెస్సీ. ఆమెది గూడూరు పక్క. గట్టిగా మాట్లాడటం అలవాటు లేని మనిషి. “ఆ పాపనొకదాన్నే అనబాకండి. పొద్దన్నుంచీ మేము రోగి చెయ్యి పట్టుకున్నదానికన్నా ఆ మౌసు పట్టుకునేదే ఎక్కువ. ఆ బటన్ లేకుంటే ఎవురికీ సాయంత్రానిక్కూడా మందు పడదు.”

ఉదయలక్ష్మి కిందికి దిగింది. కోపం తగ్గలేదు. ఎవరి మీద చూపాలో తెలియక ఇంకా పెరిగింది.

మంగళవారం పొద్దున సూపరింటెండెంట్ రఘునాథ్ పిలిపించాడు. ఆయన గదిలో చల్లగా ఉంది. బల్ల మీద కంప్యూటరు ఉంది గానీ దాని మీద కప్పిన గుడ్డ తీసిన దాఖలా లేదు. పథకం ఆఫీసు నుంచి ఆయనకూ ఉత్తరం వచ్చింది. తప్పుడు రికార్డుకు బాధ్యులెవరో చెప్పమని అడిగారు.

“కూర్చోమ్మా. ఒక పేరు రాసి పంపాలి. హౌస్ సర్జన్ పిల్లే కదా, ఎక్కువ రోజులు ఆమే ఉంది. కంప్లీషన్ సర్టిఫికెట్ కొన్నాళ్లు ఆపుతామని రాస్తే వాళ్లూ ఊరుకుంటారు. యూనిట్ హెడ్‌గా నీ సంతకం చాలు.”

టైపు చేసిన కాగితం ఆమె ముందుకు జరిపాడు.

“ఆ పిల్ల ఏం చేసింది సార్? అందరూ చేసిందే చేసింది.”

“అందరి పేర్లూ రాస్తే ఆసుపత్రి పరువు పోదా? ఎవరో ఒకరు ఉండాల కదమ్మా.”

“మరి కుప్పయ్య సంగతేంది?”

“ఏ కుప్పయ్య?” అన్నాడు రఘునాథ్.

ఆమెకు ఒళ్లంతా మండింది. ఉత్తరానికి మూలమైన మనిషి పేరు ఆ ఉత్తరం చేతిలో పెట్టుకున్నవాడికి తెలియదు. “కాలు లేనాయన సార్,” అని చెప్పి, సంతకం తర్వాత చూస్తానని కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. నిజం చెప్పాలంటే, సోమవారం సాయంత్రమైతే ఆ కాగితం మీద సంతకం పెట్టేసి ఉండేది. భవిత మీద అంత కోపంగా ఉంది అప్పుడు.

ఆ రికార్డుల సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ మనిషి, ఆమె పిలిపిస్తే, మధ్యాహ్నానికి వచ్చాడు. పేరు బాలచంద్ర. సూళ్లూరుపేటలో పుట్టి, చెన్నై ఆఫీసుకు లోకల్ ట్రైన్‌లో రోజూ పోయి వచ్చే మనిషి. నలభై ఏళ్లుంటాయి. మెడలో కంపెనీ కార్డు, భుజానికి ల్యాప్‌టాప్ సంచి. మూసేసిన రికార్డును మార్చడం ఎవరి వల్లా కాదని మొదటి మాటే చెప్పేశాడు. అలా మార్చనిస్తే రేపు ఎవరైనా ఏదైనా మార్చేస్తారన్నాడు. అది సబబే కాబట్టి ఉదయలక్ష్మికి ఇంకా మండింది.

“మీరు ఎప్పుడన్నా ఒక రోగిని చూసినారా?” అని మొదలుపెట్టింది. “నొప్పి మందుకూ, ఆ మనిషి మెడ పరీక్షకూ ఏం సంబంధం? ఎందుకు ముడేసినారు? ఇన్ని పెట్టెలు ఎవడు అడిగినాడు మిమ్మల్ని?”

“మేం పెట్టలేదు మేడం. ఒక్కో ఆఫీసు ఒక్కొక్కటి అడిగింది. బీమా వాళ్లు కొన్ని, లెక్కల వాళ్లు కొన్ని, తనిఖీకొచ్చినోళ్లు కొన్ని. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు.”

“ఆ పచ్చ బటన్? అదెవరు అడిగినారు? మనిషిని చూడకుండానే నిన్నటి మాటలు ఈరోజుకు దించే దిక్కుమాలిన ఆలోచన ఏ బుర్రలో పుట్టింది?”

బాలచంద్ర ల్యాప్‌టాప్ మూత సగం దించి, మళ్లీ ఎత్తాడు.

“మీరే మేడం.”

“ఏంటి?”

“పోయిన సంవత్సరం ఇక్కడి సెమినార్ హాల్లో మీటింగు పెట్టినప్పుడు. డాక్టర్లకు సులభంగా ఉండాలంటే ఏం కావాలో చెప్పమన్నాం. మీరు లేచి, రోజూ అదే పాట రాయడానికి మేమేమన్నా గుమాస్తాలమా, నిన్నటిదంతా ఒక్క నొక్కుతో రావాల అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో రాసుకుంటా ఉన్నాను.” కాస్త ఆగి, తల వంచుకునే చెప్పాడు. “మా ఆఫీసులో దాన్ని ఉదయా బటన్ అంటాం మేడం. అన్ని ఆసుపత్రులకూ ఇచ్చేసినాం. అందరికీ బాగా నచ్చింది.”

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. చప్పట్లూ గుర్తొచ్చాయి. ఎంత గర్వపడిందో కూడా గుర్తొచ్చింది. సాయంత్రం ఇంటికెళ్లి అందరికీ చెప్పుకుంది, ఈ రోజు వాళ్లకు గట్టిగా గడ్డి పెట్టొచ్చానని. అలసిపోయి అడిగింది, న్యాయంగానే అడిగింది. పెట్టెలు తీసేయమని అడగాల్సిన చోట, పెట్టెలు త్వరగా నింపే దారి అడిగింది. వాళ్లు సంతోషంగా ఇచ్చారు. ఎందుకివ్వరు? ఎవరి పెట్టె వాళ్లకు మిగిలింది.

జేబులోని కాగితం తీసి బల్ల మీద పరిచింది. భవిత పేరును ఒక గీతతో కొట్టేసి, పైన తన పేరు రాసింది. కింద తనే సంతకం పెట్టింది. ప్యూను చేత రఘునాథ్ గదికి పంపించింది. కాసేపటికి ఆయన ఫోను చేశాడు.

“నీకేమన్నా మతిపోయిందా? వచ్చే నెలలో నీ ప్రమోషన్ ఫైలు కదులుతుంది.”

“తెలుసు సార్. ఆ పిల్ల సర్టిఫికెట్ ఆపితే మాత్రం నేను ఊరుకోను.”

ఫోను పెట్టేసింది. ప్రమోషన్ మీద ఆశ ఆమెకూ ఉంది.

“ఇప్పుడు చెప్పండి,” అంది బాలచంద్రతో. “మీ చేతిలో ఉన్నదేంది, లేనిదేంది?”

“పెట్టెలు తీయడం నా చేతిలో లేదు. ఉత్తరాలు పోవాల, అందరూ ఒప్పుకోవాల. మందు ఆర్డరుకూ వాటికీ ఉన్న ముడి తీయడం నా చేతిలోనే ఉంది.”

“అయితే తీయండి. ఇప్పుడే. తీసేదాకా మీరు వార్డులో కూర్చోవాల. ఆ పిల్లల పక్కన.”

ఆయన కూర్చున్నాడు. జెస్సీ స్టూలు వేసి, టీ ఇప్పించి, రోగులకూ కంప్యూటరుకూ మధ్య సరిగ్గా దారిలో కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా వచ్చే పోయే వాళ్లంతా ఆయన్ను తప్పుకుంటూ నడిచారు. ఒక ముసలమ్మ నొప్పి అని అరుస్తుంటే, భవిత ఆర్డరు పెట్టబోయి ఎర్రగా ఆగిపోవడం ఆయన పక్కనుంచి చూశాడు. ముసలమ్మ అరుపు ఆగలేదు. బాలచంద్ర సంచి తెరిచి, చెన్నైకి ఫోను చేసి, కంప్యూటరు మాటల్లో గట్టిగా కేకలేశాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడగలడని ఎవరూ అనుకోలేదు. చీకటి పడకముందే ఆ ముడి ఊడింది. పచ్చ బటన్ సంగతి మాత్రం ఎటూ తేలలేదు. ఉంచితే తప్పులు, తీస్తే పని ఆగిపోతుంది. దాని మీద మళ్లీ మీటింగు పెడతారట.

బుధవారం కుప్పయ్య, పంకజాక్షి చెప్పిన మాట ప్రకారం వచ్చారు. పాత రికార్డు మారదు కాబట్టి కొత్తగా పరీక్ష చేసి, కొత్త తేదీతో రాసి, దాన్నే పథకం ఆఫీసుకు పంపాలని నిర్ణయమైంది. తన కళ్లతో చూస్తానని బాలచంద్ర గది మూలన నిలబడ్డాడు.

ఉదయలక్ష్మి ముందు కంప్యూటరు తెర పట్టుకుని లాగింది. మేకులు కదల్లేదు. “వీటిని పీకేదెవరు ఈడ?” అని అరిచింది. కరెంటు పని చూసే ఎల్లప్ప వచ్చి, పర్మిషన్ ఉందా అని అడగబోయి, ఆమె మొహం చూసి మేకులు ఊడదీశాడు. తెరను బల్ల అంచుకు జరిపి, పక్కకు తిప్పింది. ఇప్పుడు తెర, రోగి, రోగి భార్య అంతా ఆమెకు ఒకే వైపు కనిపిస్తున్నారు.

లుంగీ పైకి తీసి మొండి కాలి మచ్చను వేళ్లతో నొక్కి చూసింది. బాగా మానింది. ఉన్న పాదాన్ని ఒడిలోకి తీసుకుని వేళ్ల సందులు చూసింది, నాడి చూసింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. పాదాల పెట్టె తెరిస్తే నాడి బాగుంది, తక్కువగా ఉంది, అందడం లేదు అని మూడే ఉన్నాయి. పాదమే లేదని చెప్పే వీలు ఎక్కడా లేదు.

“దీన్ని గీసినోడికి కాలు పోయే మనుషులు ఉంటారని తెలీదా?” అంది మూలకు చూస్తూ.

బాలచంద్ర మొండి కాలి వైపు చూడలేక కిటికీ వైపు చూస్తున్నాడు.

అడుగున ‘ఇతర వివరాలు’ అని ఒక పెట్టె ఉంది. అక్కడ ఏ వైపు, ఏ భాగం అన్నవి జాబితాలోంచి ఎంచుకుంటే వాక్యం మొదలు దానంతట అదే వస్తుంది. మిగతాది మనం రాయాలి. ఆమె కోపంగా, వేగంగా, కీలు విరిగిపోయేలా కొట్టింది. రాయడం అయ్యాక పంపే బటన్ మీద వేలు పెట్టింది. పంకజాక్షి కళ్లార్పకుండా చూస్తోంది. తెర మీద ఇంగ్లీషు ఆమెకు రాదు. అయినా చూస్తోంది.

“అందులో ఏం రాసినారో మాకూ జెప్పండి మేడం,” అంది పంకజాక్షి. “పోయినసారి ఎవురూ జెప్పలేదు.”

ఉదయలక్ష్మి వేలు తీసింది. తెర చూసి తెలుగులో చదివింది.

“ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. నేనే ఆపరేషన్ చేసి తీశాను. మచ్చ మానింది. ఈయన నిలబడి చేసే పని చేస్తాడు. కృత్రిమ కాలు వెంటనే అవసరం.”

కుప్పయ్య గొంతు సవరించుకున్నాడు. పెద్దవాళ్ల మాటకు అడ్డం రావడానికి మొహమాటపడే మనిషి.

“మేడం, అంతా బాగుండాది. అయితే ఎడమది ఉండాది మేడం నాకు.” చెప్పు తొడిగిన ఎడమ పాదాన్ని నేల మీద రెండుసార్లు తట్టాడు. “ఇదిగో. దీన్ని గూడా తీసేసినారే.”

జాబితాలో మొదటి పేరు ఎడమ, ఎంచుకోకపోతే అదే పడుతుంది. ఆమె దాన్ని ముట్టుకోనే లేదు. తన ఒడిలో పెట్టుకుని, నాడి చూసి, ఇప్పుడే దించిన కాలిని తనే చెరిపేసింది. కళ్లతో చదివినప్పుడు కనిపించలేదు. నోటితో చదివినప్పుడు కూడా వినిపించలేదు. ఆ కాలు ఎవరిదో వాళ్లకు మాత్రమే వినిపించింది. మూడు రోజులుగా ఊరందరి మీదా అరిచిన గొంతులో ఇప్పుడు ఏమీ మిగల్లేదు. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తప్పు నాది కుప్పయ్యా,” అంది.

“పోనీలే మేడం. ఇంకా పంపలేదు గదా.”

పంకజాక్షి మాత్రం పోనీలే అనలేదు. “దిద్దండి. దిద్ది మళ్లా సదవండి,” అంది.

ఎడమ తీసి కుడి పెట్టింది. మళ్లీ మొదటి మాట నుంచి, ఈసారి నిదానంగా చదివింది. ఒక్కో వాక్యానికీ కుప్పయ్య తలూపాక ఇంకో వాక్యానికి వెళ్లింది. మూలన బాలచంద్ర సంచిలోంచి కాగితం తీసి ఏదో రాసుకుంటున్నాడు. ఏం రాసుకుంటున్నాడని ఆమె అడగలేదు. పోయినసారి ఆయన రాసుకున్నది చప్పట్ల మధ్య రాసుకున్నాడు. పంకజాక్షి సరే అన్నాక పంపే బటన్ నొక్కింది.

మంజూరు గురువారం పొద్దున వచ్చింది. ఆ కబురు కింద కూడా అయిదు నక్షత్రాలున్నాయి. ఉదయలక్ష్మి ఓపీలో ఉంది, బయట బెంచీలన్నీ నిండి ఉన్నాయి, ఎందుకింత ఆలస్యమని జనం గొడవ చేస్తున్నారు. ప్రతి రోగికీ రాసింది చదివి వినిపిస్తుంటే ఆలస్యం కాక ఏమవుతుంది? రఘునాథ్ దగ్గర్నుంచి, సంజాయిషీ ఇమ్మని ఆమె పేరు మీద కవరు వచ్చి బల్ల మీద పడి ఉంది. ఇంకా విప్పలేదు. ఆ సమయంలో ఫోను మోగింది.

“మేడం, నేను పంకజాక్షిని. కొలతలు తీసే తావున ఉండాం. మా పేరు పిలిచినారు.”

“మంచిదమ్మా. ఏమన్నా అడ్డం చెప్పినారా?”

“లేదు మేడం. టేపు తీసి, ఏ కాలు అని అడిగినారు. ఈయన చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలేదు?”

“మీ దాంట్లో ఏం రాసుండాదో ముందు సదవండి, ఆమైన నేను లుంగీ తీస్తా అని మొండికేసినాడు. ఎన్నడూ ఎవురికీ ఎదురు చెప్పని మనిషి మేడం. వాళ్లకు కోపమొచ్చింది. వెనక లైన్లో ఉండేవాళ్లు గూడా అరిసినారు.”

“చదివినారా?”

“సదివినారు మేడం, గట్టిగా. కుడిదే అని ఉండాది. ఇప్పుడు లైన్లో అందురూ సదవమంటా ఉండారు.”